వరుస తెగిన మర్నాడు

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అమెరికా వచ్చి రెండేళ్లయిందట. ఆఫీసులో వాళ్లతో కలిసి బేస్‌బాల్ చూడటం అలవాటైంది. తన టీమ్ వరసగా 11 మ్యాచ్‌లు గెలిచి నిన్న రాత్రి ఓడిపోయింది. "రాత్రి అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. ఇంట్లో వాళ్లు నవ్వుతున్నారు. మీలాంటి పాత ఫ్యాన్స్ దీన్ని ఎలా తట్టుకుంటారు? టీమ్ ఇక పడిపోతుందా? సెంటిమెంట్ పోతుందని ఈ 11 మ్యాచ్‌లూ ఒకే టీషర్టు ఉతక్కుండా వేసుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, మీ టీమ్ ఏదో మీరు చెప్పలేదు. ఏదైనా ఫర్వాలేదు. నేను 1998లో తెనాలి నుంచి క్లీవ్‌లాండ్ వచ్చాను. మనవాళ్లకి ఈ ఊరంటే ముందు గుర్తొచ్చేది త్యాగరాజ ఆరాధనోత్సవం. 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో జరుగుతోంది. మా ఇంట్లో ఏప్రిల్ అంటే రెండు పనులు, పొద్దున పంచరత్న కీర్తనలు, సాయంత్రం బేస్‌బాల్. ఇన్నేళ్లలో ఈ ఊరి టీమ్‌తో చాలా గెలుపు వరుసలు చూశాను. వాటిలో ఒకటి ఇప్పటికీ అమెరికన్ లీగ్ (ఇక్కడి రెండు పెద్ద బేస్‌బాల్ లీగుల్లో ఒకటి) రికార్డు. అది తెగిన రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. కాబట్టి మీకు అన్నం ఎందుకు సహించలేదో నాకు బాగా తెలుసు.

2017 సంగతి. అప్పట్లో టీమ్ పేరు ఇండియన్స్, 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అయింది. ఆగస్టు 23కి మావాళ్లు 69 గెలిచి 56 ఓడారు. పర్వాలేదు అనిపించే టీమ్, అంతే. 24న బోస్టన్ మీద గెలిచారు. ఆ తర్వాత కాన్సాస్ సిటీ రాయల్స్ వస్తే మూడు మ్యాచ్‌ల్లోనూ వాళ్లకి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత న్యూయార్క్, డెట్రాయిట్, షికాగో తిరిగి 11 మ్యాచ్‌లు ఆడి 11 గెలిచి ఊరికొచ్చారు. మైఖేల్ బ్రాంట్లీ, జేసన్ కిప్నిస్, ఆండ్రూ మిల్లర్ ముగ్గురూ గాయాలతో బయట ఉన్న రోజులవి. అయినా ఆగలేదు. 22 మ్యాచ్‌ల్లో మావాళ్లు చేసినవి 142 రన్స్, ఇచ్చినవి 37. మావాళ్లు బంతిని మైదానం దాటించి కొట్టిన హోమ్ రన్సే 41. అంటే అవతలి వాళ్లందరూ కలిసి చేసిన రన్స్ కన్నా మా హోమ్ రన్స్ ఎక్కువ. ఇరవయ్యో గెలుపుతో 2002లో ఓక్లాండ్ పెట్టిన లీగ్ రికార్డును అందుకున్నారు. 21వ దానితో 1935 నాటి షికాగో కబ్స్‌ను కూడా అందుకున్నారు.

22వ మ్యాచ్ సెప్టెంబర్ 14, గురువారం. మర్నాడు మావాడికి స్కూలు. వాడప్పుడు ఆరో క్లాసు. మా ఆవిడ వద్దంటే వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చివరికి ఇద్దరం వెళ్లాం. మళ్లీ రాయల్సే. తొమ్మిదో ఇన్నింగ్, అంటే ఆఖరిది, రెండో సగం, మేము 1-2 వెనక. ఇద్దరు ఔట్. బ్యాటింగ్‌కి ఫ్రాన్సిస్కో లిండోర్ వచ్చాడు. అతనికి రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇంకొక్క స్ట్రైక్ పడితే అతనూ ఔట్, మూడో ఔట్‌తో అంతా అయిపోతుంది. ఎడమ వైపు స్టాండు పైవరసలో కూర్చుని జాన్ ఆడమ్స్ డ్రమ్ము కొడుతున్నాడు. ఆయన 1973 ఆగస్టు 24న మొదటిసారి ఆ డ్రమ్ము పట్టుకుని స్టేడియానికి వచ్చాడు. ఈ వరుస మొదలైందీ ఆగస్టు 24నే, సరిగ్గా 44 ఏళ్ల తర్వాత. మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి గోళ్లు దిగబడుతున్నా నేను చెయ్యి కదపలేదు.

లిండోర్ కొట్టిన బంతి ఎడమ వైపు గోడ మీదికి వెళ్లింది. ఆ గోడ 19 అడుగుల ఎత్తు. రాయల్స్ తరఫున అక్కడ కాపలా ఉన్నది అలెక్స్ గోర్డన్, ఆ చోట అతనిని మించిన వాడు అరుదు. ఎగిరాడు. బంతి అతని గ్లవ్ దాటి గోడకి కొట్టుకుంది. మొదటి బేస్ మీదున్న మా ఆటగాడు హోమ్‌దాకా పరిగెత్తుకొచ్చాడు. 2-2. పదో ఇన్నింగ్‌లో హోసే రమీరెజ్ డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు, ఎన్‌కార్నసియోన్‌కి వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) వచ్చింది, జే బ్రూస్ కుడి వైపు లైన్ వెంబడి కొట్టాడు. 3-2. పక్కసీటాయన ఎవరో ముక్కూమొహం తెలియదు, నన్ను కావలించుకుని ఏడ్చాడు. అంతకుముందు ఏడు నవంబర్‌లో ఇదే స్టేడియంలో, టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఏడో మ్యాచ్ పది ఇన్నింగ్స్ ఆడి ఒక్క రన్ తేడాతో ఓడిపోయాం. 1948 తర్వాత బేస్‌బాల్ టైటిల్ లేని ఊరు ఇది. ఆ ఏడుపులో అదంతా ఉంది.

మర్నాడు శుక్రవారం మళ్లీ వెళ్లాం. గురువారం కూర్చున్న వరుసలో టికెట్లు దొరకలేదు, మూడో బేస్ వైపు పైన కూర్చున్నాం. వెళ్లేముందే మావాడు అన్నాడు, "నాన్నా, సీటు మారింది" అని. పట్టించుకోవద్దన్నాను గానీ నాకూ మనసులో పీకుతూనే ఉంది.

నేను స్కోరు పుస్తకం రాస్తాను. పెన్సిల్‌తో, ప్రతి బ్యాటర్‌కీ ఒక గడి. ఎక్కడ కొట్టాడు, ఎవరు పట్టారు, ఎన్నో బేస్‌దాకా వెళ్లాడు, అన్నీ ఆ గడిలో ఉంటాయి. ఆఫీసులో ఒక పెద్దాయన నేర్పించాడు. శుక్రవారం మావాడికిచ్చి రాయమన్నాను. 3-4తో వెనకబడ్డాం. తొమ్మిదో ఇన్నింగ్‌లో రాయల్స్ తరఫున మైక్ మైనర్ పిచింగ్‌కి వచ్చాడు. వరసగా ముగ్గురినీ స్ట్రైకౌట్ చేశాడు. పుస్తకంలో మూడు గడుల్లో మూడు కె అక్షరాలు, స్ట్రైకౌట్‌కి గుర్తు అదే. మూడోది రాసేటప్పుడు మావాడు పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కాడంటే, ఆ గుర్తు వెనక పేజీలో కూడా చేత్తో తడిమితే తగులుతుంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

తర్వాత జరిగింది నేను అనుకోలేదు. ఓడిన టీమ్ స్టేడియం ఎలా ఉంటుందో మీకు తెలుసు, ఎనిమిదో ఇన్నింగ్ నుంచే జనం కార్ల వైపు నడుస్తుంటారు. ఆ రాత్రి ఎవరూ కదల్లేదు. ఆఖరి స్ట్రైక్ పడగానే అందరూ లేచి నిలబడ్డారు. చప్పట్లు మొదలయ్యాయి, ఆగలేదు. ఆటగాళ్లు డగౌట్‌లోంచి మళ్లీ బయటికొచ్చి టోపీలు తీసి ఊపారు. ఓడిపోయిన టీమ్‌కి, అది కూడా సెప్టెంబర్ మధ్యలో ఒక మామూలు మ్యాచ్‌లో, అలా నిలబడి చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు. నాకు గొంతు పూడుకుపోయింది. మావాడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఓడిపోయారుగా, ఎందుకు కొడుతున్నారు?" అని అడిగాడు. ఆ క్షణాన నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో రేడియో పెట్టలేదు. మామూలుగా టామ్ హామిల్టన్ గొంతు వినకుండా నా కారు కదలదు. 1990 నుంచి మా టీమ్‌కి రేడియో కామెంటరీ చెబుతున్నాడాయన. ఆ రాత్రి వినబుద్ధి కాలేదు. ఇంట్లో పెరుగన్నం కలుపుకుని రెండు ముద్దలు తిని వదిలేశాను. శనివారం పొద్దున లేచాక అసలు దిగులు మొదలైంది. పెళ్లయిపోయి, పందిరి విప్పేసి, చుట్టాలు బస్సెక్కి వెళ్లిపోయిన మర్నాటి ఇల్లు చూసుంటారు. అప్పటిదాకా కాఫీలు, పిలుపులు, నవ్వులు. ఒక్కసారిగా ఏమీ ఉండదు. చెడు ఏదీ జరగలేదు, అయినా గుండెలో ఏదో ఖాళీ. సరిగ్గా అలాగే ఉంది.

మూడు వారాలుగా మా ఇంట్లో ప్రతి సాయంత్రం ఏడు దాటాక ఒక పని ఉండేది. వంట ఆ టైముకి అయిపోయేది. ఆఫీసులో ఎప్పుడూ పలకరించుకోని వాళ్లం "నిన్న చూశారా?" అని మాట్లాడుకునేవాళ్లం. కిరాణా కొట్టులో, పెట్రోలు బంకులో, పార్మా గుడి పార్కింగులో, ఎక్కడ చూసినా అదే మాట. వరుస సాగినన్ని రోజులూ ప్రతి మామూలు మ్యాచ్‌కీ ఒక ప్రాణం ఉంటుంది. ఆగస్టు నెలలో, చివరి స్థానంలో ఉన్న టీమ్‌తో ఆడే మ్యాచ్ కూడా ఊపిరి బిగబట్టి చూస్తాం. మీకు నిన్న పోయింది ఒక మ్యాచ్ కాదు, ఆ సాయంత్రాలు. అందుకే ఇంట్లో వాళ్లకి అర్థం కాలేదు. వాళ్లు స్కోరు చూసి "ఒక్క మ్యాచేగా" అన్నారు. స్కోరు వరకు వాళ్లు చెప్పింది నిజమే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మనం క్రికెట్ ఊరి నుంచి వచ్చిన వాళ్లం. మన దుఃఖానికి కొలత అక్కడే పడింది. 2023 వరల్డ్ కప్‌లో ఇండియా వరసగా పది గెలిచి, నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఫైనల్ ఓడిపోయింది. అక్కడ వరుస తెగడమంటే అన్నీ పోవడమే, మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, మీరూ పోయి ఉండరు. ఆ ఫైనల్‌కి పడాల్సిన ఏడుపు మీరు నిన్న రాత్రి మ్యాచ్‌కి ఏడ్చారు. బేస్‌బాల్‌లో ఒక టీమ్ సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. సీజన్ 162 మ్యాచ్‌లకు పెరిగినప్పటి నుంచి ఇంతవరకూ ఎవరూ దాటని రికార్డు 116 గెలుపులు, 2001లో సియాటిల్ మారినర్స్ పేరు మీద ఉంది. ఆ టీమ్ కూడా 46 సార్లు ఓడింది. అంటే ఇక్కడ ఓటమి అనేది ఆటలో భాగంగానే కట్టి ఉంది. అది నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. మీరు రెండో ఏడే ఈ బాధ పడ్డారంటే నాకన్నా ముందే నేర్చుకుంటారు.

ఎందుకలా కట్టి ఉందో కూడా చెబుతాను. క్రికెట్‌లో బలమైన టీమ్ బలహీనమైన టీమ్‌ని చాలావరకు ఓడిస్తుంది. ఇక్కడ గుండ్రటి బ్యాటుతో గుండ్రటి బంతిని కొట్టాలి. బాగా కొట్టిన బంతి సరాసరి ఫీల్డర్ చేతుల్లోకి వెళ్తుంది, చెత్తగా తగిలినది ఇద్దరి మధ్య పడి బ్యాటర్ బేస్ చేరిపోతాడు. పైగా మొదలుపెట్టే పిచర్ రోజుకొకడు, ఐదుగురు వంతులవారీగా వేస్తారు. నిన్నటి టీమ్, ఇవాళ్టి టీమ్ ఒక రకంగా వేర్వేరు. అందుకని పదికి ఆరు గెలిచే టీమ్ అంటే చాలా మంచి టీమ్ కింద లెక్క. సీజన్ మొత్తానికి 97 గెలుపులు వస్తాయి. అలాంటి టీమ్ ఫలానా రోజు మొదలుపెట్టి వరసగా 11 గెలిచే అవకాశం సుమారు 275లో ఒకటి. 22 అయితే సుమారు 76 వేలలో ఒకటి. మీ చేతికి దొరికింది ఎంత అరుదైనదో ఈ లెక్క వేసుకున్నాకే నాకు తెలిసింది.

మీ రెండో ప్రశ్న, టీమ్ పడిపోతుందా అని. వరుస తెగినంత మాత్రాన పడిపోదు. చూడాల్సింది ఆ 11 గెలుపులు ఎలా వచ్చాయో. నాలుగైదు రన్స్ తేడాతో వచ్చాయా, ఒక్క రన్ తేడాతో ఆఖరి ఇన్నింగ్‌లో వచ్చాయా? 2002లో ఓక్లాండ్ వరుసలో చివరి మూడు గెలుపులూ తొమ్మిదో ఇన్నింగ్‌లో ఆఖరి దెబ్బతో వచ్చినవే. ఇరవయ్యో మ్యాచ్‌లో 11-0 ఆధిక్యం ఉండి కూడా 11-11 అయ్యింది. చివరికి స్కాట్ హాటెబర్గ్ హోమ్ రన్ కొడితే 12-11తో గెలిచారు. చూసేవాళ్లకి పండగే. కానీ పిచింగ్ అలసిపోతోందని చెప్పడానికి ఆ పదకొండు రన్స్ చాలు. తర్వాతి మ్యాచ్ మిన్నెసోటాలో, బ్రాడ్ రాడ్కే ఎదురుగా 0-6తో ఓడారు. అందుకే నేనైతే ముందు బుల్‌పెన్ చూస్తాను. ఆఖరి ఇన్నింగ్స్‌లో వచ్చే ఆ ముగ్గురు నలుగురు పిచర్లు గత వారంలో ఎన్ని రోజులు వేశారు? వరసగా మూడేసి రోజులు వేసి ఉంటే ఒక ఓటమి వాళ్లకి విశ్రాంతి కూడా. గెలుస్తున్నన్నాళ్లూ మేనేజర్ వాళ్లని పక్కన పెట్టలేడు. అప్పటి మా మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా లాంటి నిబ్బరమైన మనిషికే అది కష్టం.

మా సంగతి చెబితే, ఆ శుక్రవారం తర్వాత 14 మ్యాచ్‌లు మిగిలాయి, 11 గెలిచారు. వరుస మొదలైన రోజు నుంచి లెక్కేస్తే 37లో 33. మొత్తం 102 గెలుపులు. వరుస తెగింది గానీ టీమ్ అలాగే ఉంది. అదే రోజుల్లో దేశానికి అటు చివర ఏం జరిగిందో చూడండి. ఆ ఏడాది అందరికన్నా పైన ఉన్న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ సెప్టెంబర్‌లో వరసగా 11 ఓడిపోయారు. మేము గెలుస్తున్న రోజుల్లోనే. వాళ్ల పని అయిపోయిందన్నారు. వాళ్లు 104 గెలుపులతో సీజన్ ముగించి వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌దాకా వెళ్లారు. మా గార్డియన్స్ 2025లో వరసగా పది ఓడారు, డివిజన్‌లో (లీగ్‌లో ఐదు టీముల గుంపు) పదిహేనున్నర మ్యాచ్‌లు వెనకబడ్డారు, చివరికి ఆ డివిజన్‌నే గెలిచారు. అందుకని వరుస మీద వరుస కట్టి భవిష్యత్తు చెప్పే వాళ్ల మాట నేను వినను, గెలుపైనా ఓటమైనా.

చరిత్రలో పెద్ద వరుసలు చూసినా ఇదే కనిపిస్తుంది. 1916 సెప్టెంబర్‌లో న్యూయార్క్ జెయింట్స్ ఒక్క ఓటమి లేకుండా 26 గెలిచారు. మధ్యలో వాన వల్ల ఒక మ్యాచ్ 1-1తో టై అయింది, అందుకని లెక్క గురించి ఇప్పటికీ వాదులాడుకుంటారు. అన్నీ సొంత గ్రౌండ్‌లోనే. అంతకుముందు మే నెలలో బయట ఊళ్లలో వరసగా 17 గెలిచారు. ఇంత చేసి ఆ సీజన్‌లో వచ్చింది నాలుగో స్థానం. 1935 కబ్స్ వరల్డ్ సిరీస్‌లో డెట్రాయిట్ చేతిలో ఓడారు. 2002 ఓక్లాండ్, సీజన్ అయ్యాక టైటిల్ కోసం అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే, ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో, అదే మిన్నెసోటా చేతిలో ఓడింది. మేమూ అంతే. యాంకీస్ మీద మొదటి రెండు గెలిచి, తర్వాత మూడు ఓడి, అక్టోబర్ 11న ఇంటికెళ్లాం. ఆ నాలుగు టీముల్లో ఒక్కదానికీ టైటిల్ రాలేదు.

ఇది చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చాలామంది ఫ్యాన్స్ వరుసని అక్టోబర్‌కి ముందే కట్టిన అడ్వాన్స్ అనుకుంటారు. అక్టోబర్‌లో టైటిల్ రాకపోతే, వరుస కూడా దండగే అంటారు. మా ఊళ్లో 2017 తర్వాత ఆ మాట చాలా విన్నాను, నాకు చాలా కోపం వచ్చేది. నేను వరుస కోసం వరుస చూశాను. లిండోర్ కొట్టిన బంతి గోడకి తగిలిన శబ్దం యాంకీస్ తీసేసుకోలేరు. పక్కసీటాయన కన్నీళ్లు నా భుజం మీద ఇంకా ఉన్నట్టే ఉంటుంది. మీకు దొరికిన 11 సాయంత్రాలూ మీవే. ఈ సీజన్ ఎలా ముగిసినా వాటిని వెనక్కి ఇవ్వక్కర్లేదు.

ఈ స్టేడియానికే సొంతంగా ఒక వరుస ఉండేది. 1995 జూన్ నుంచి 2001 ఏప్రిల్ దాకా వరసగా 455 మ్యాచ్‌లకి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. నేను వచ్చిన కొత్తలో టికెట్ దొరకాలంటే ఎవరో ఒకరు జ్వరం వచ్చి మానుకోవాలి. నా మొదటి మ్యాచ్ అలాగే చూశాను. ఆ వరుస తెగాక టీమ్ ఏం చేసిందంటే, గొప్ప ఆటగాళ్ల జెర్సీ నంబర్లు రిటైర్ చేస్తారు చూడండి, అలా 455 అనే నంబరుని ఫ్యాన్స్ పేరు మీద రిటైర్ చేసింది. వెళ్లినప్పుడల్లా ఆ నంబరు కేసి ఒకసారి చూస్తాను.

ఇంకొకటి, అవతలి పక్క నుంచి చూడటం. 2001 మార్చిలో స్టీవ్ వా ఆస్ట్రేలియా వరసగా 16 టెస్టులు గెలిచి కోల్‌కతా వచ్చింది. ఫాలో ఆన్ ఆడుతూ మన హైదరాబాద్ లక్ష్మణ్ 281 కొట్టాడు, ద్రవిడ్ 180, హర్భజన్ మ్యాచ్ మొత్తానికి 13 వికెట్లు. నేను ఇక్కడ అర్ధరాత్రి ఇంటర్నెట్‌లో స్కోరు చూస్తూ ఒక్కడినే చప్పట్లు కొట్టాను. ఆస్ట్రేలియా మళ్లీ 16 గెలిచినప్పుడు 2008లో పెర్త్‌లో ఆ వరుసను తెంచిందీ మనమే. అప్పుడు అవతల ఏ మెల్‌బోర్న్‌లోనో ఒక తండ్రీ కొడుకూ అన్నం వదిలేసి ఉంటారని నాకు తట్టలేదు. 2017లో ఆ శుక్రవారం కార్లో కూర్చున్నప్పుడు తట్టింది. ఆగస్టులో మా చేతిలో మూడు మ్యాచ్‌లు ఒక్క రన్ లేకుండా ఓడిన రాయల్స్, గురువారం ఒక్క స్ట్రైక్ దూరంలో చేజార్చుకున్న రాయల్స్, వాళ్లే మర్నాడు వచ్చి గెలిచారు. వాళ్ల ఊళ్లో ఆ రాత్రి ఎంత సంతోషమో. అది తలుచుకుంటే నాకు కొంచెం తేలికైంది. మీకూ అవుతుందేమో చూడండి, అవకపోయినా తప్పు లేదు.

మావాడి ప్రశ్నకి జవాబు మాత్రం నాకు వారం తర్వాత దొరికింది. కారులో వెళ్తూ చెప్పాను, "ఆ చప్పట్లు శుక్రవారం మ్యాచ్‌కి కాదురా, ముందు 22 మ్యాచ్‌లకీ. గెలుస్తున్నప్పుడు రేపు ఏమవుతుందో అని టెన్షన్‌తో ఉన్నాం, థాంక్స్ చెప్పడానికి టైము దొరకలేదు. ఆ రోజు దొరికింది." వాడు కిటికీలోంచి చూస్తూ "అయితే నేనూ కొట్టాల్సింది" అన్నాడు. ఇప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు. జాన్ ఆడమ్స్ 2023 జనవరిలో పోయినప్పుడు వాడే ఫోన్ చేసి చెప్పాడు నాకు.

ఇక మీ టీషర్టు. సెంటిమెంట్‌ని నేను తీసిపారేయను. సీటు మారినందుకు ఓడామని నేను కూడా రెండు రోజులు నిజంగానే బాధపడ్డాను. మావాడైతే ఆ సీజన్ అంతా మూడో బేస్ వైపు కూర్చోనన్నాడు. ఇంత దూరాన సోఫాలో కూర్చుని మనం టీమ్‌కి చెయ్యగలిగింది ఏమీ లేదు కాబట్టి, టీషర్టు వేసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని. ప్రేమకొద్దీ చేసింది. కానీ 11 మ్యాచ్‌ల చెమట, ఇంట్లో వాళ్లు ఓర్చుకున్నారు. ఇవాళ దాన్ని మీ చేత్తో మీరే ఉతికి ఆరెయ్యండి. సాయంత్రం మీ టీమ్ తరఫున ఎవరు పిచింగ్ మొదలుపెడుతున్నారో చూసుకోండి. మొదటి ఇన్నింగ్ అయినా చూడండి, మొత్తం కూర్చోబుద్ధి కాకపోతే లేచి వెళ్లిపోండి. భోజనం మాత్రం ఆ టైముకే పెట్టుకోండి, ఈ పదకొండు రోజులూ పెట్టుకున్నట్టే.